జింక వేటకు చెక్క స్టాకా, సింథటిక్ స్టాకా?

ప్రశ్న: అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలో నవంబరు 15న మొదలయ్యే జింక వేట సీజనుకు మొదటిసారి వెళ్తున్నాను. .308 రైఫిల్ (గుండు వ్యాసం 0.308 అంగుళం) కొనాలి. దాని స్టాకు, అంటే బారెల్‌ను మోస్తూ భుజానికి ఆనే భాగం, అక్రోటు చెక్కది మేలా, సింథటిక్‌ది (ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్ వంటిది) మేలా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి జవాబు: సింథటికే తీసుకోండి. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అలా కదిలిన స్టాకు బారెల్‌ను (గుండు వెళ్లే గొట్టాన్ని) ఒక పక్కకు నొక్కితే గుండు గురి చూసిన చోట పడదు. వానలో, మంచులో గంటల తరబడి కూర్చోవలసిన చోట ఆ బెడద ఎందుకు?

రెండవ జవాబు: మీరు చెప్పిన కారణం నిజమేనండీ, కాని దాన్నుంచి మీరు తేల్చిన మాటను ఒప్పుకోలేను. నా చెక్క స్టాకు రైఫిల్‌తో అక్టోబరులో నూరు గజాల దగ్గర నేను సరిచూసుకున్న గురి, రెండు రోజుల వాన తర్వాత మూడు అంగుళాలు కుడికి జరిగింది. రైఫిల్ ఖాళీ చేసి, బారెల్‌కూ స్టాకుకూ మధ్య డాలరు నోటు దూర్చి వెనక్కి లాగితే సగం దారిలో ఎడమ పక్క ఇరుక్కుపోయింది. అక్కడ చెక్కను గీకించి, గీకిన చోట తేమ దిగకుండా పూత వేయించి, యాక్షన్ (తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగం) కూర్చునే గాడిలో గట్టిపడే ఎపాక్సీ జిగురు పోయించాక మూడు సీజన్లుగా గురి చెదరలేదు. ఒక మిత్రుని చవక సింథటిక్ రైఫిల్‌లో అదే నోటు సాఫీగా జారింది గాని, స్టాకు ముందు భాగాన్ని పిడికిట పట్టి పైకి నొక్కగానే ప్లాస్టిక్ వంగి బారెల్‌కు తగిలింది, నోటు కదలలేదు. రైఫిల్‌ను కొమ్మకు ఆన్చి కాల్చేటప్పుడు జరిగేది అదే. పైగా బోలు ప్లాస్టిక్‌కు రెమ్మ రాసుకుంటే వచ్చే చప్పుడు జింక చెవిన పడకుండా పోదు. గట్టి ఫైబర్‌గ్లాస్ స్టాకుకు ఈ లోపం లేదు, కాని ధర ఎక్కువ. పలుచని చెక్క రేకులను రెజిన్‌తో అతికించి చేసే లామినేట్‌కే నా ఓటు.

మొదటి జవాబిచ్చినవారు: చవక ప్లాస్టిక్ విషయంలో మీ మాట కాదనను. అయితే లామినేట్ బరువు. మోకాలి లోతు మంచులో రోజంతా మోయాలి కదా?

రెండవ జవాబిచ్చినవారు: బరువే, కాని ఆ బరువు భుజానికి తగిలే దెబ్బను తగ్గిస్తుంది, కొత్తవారు దెబ్బకు బెదిరి ట్రిగ్గర్‌ను గుంజేయడం నేను చాలాసార్లు చూశాను. అడిగినవారికి మరొక్క మాట: దుకాణానికి చలికోటు వేసుకొని వెళ్లండి. చొక్కా మీద సరిపోయిన స్టాకు, మందపాటి కోటు మీద అర అంగుళం పొడవై చంకలో చిక్కుకుంటుంది.