ఫుట్‌సాల్ టోర్నీకి ఈ హాలు సరిపోతుందా?

ప్రశ్న: అంతర్జాతీయ ఫుట్‌సాల్ (హాల్లో ఐదుగురేసి ఆడే ఫుట్‌బాల్) టోర్నీ ఏర్పాట్లు మా మీద పడ్డాయి. హాలు 40 మీటర్ల పొడవు, 20 వెడల్పు. లెక్కకు సరిపోయింది గానీ గీత దాటితే గోడే. ఏం చేయమంటారు?

జవాబు: వద్దండీ. పొడవు 38–42, వెడల్పు 20–25 అన్నది గీతల మధ్య కొలత. బెంచీలు, టైమ్‌కీపర్ బల్ల బయటే ఉండాలి. అలాంటి హాల్లోనే ఒకసారి ఆడించాను. బంతి కోసం జారిన కుర్రాడి భుజం గోడకు కొట్టుకుంది. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

మరో జవాబు: సగానికి 20 నిమిషాలే అయినా బంతి ఆగితే గడియారమూ ఆగుతుంది. మ్యాచ్‌కి గంటన్నర కేటాయించండి. ఫౌళ్ల లెక్క రాయడానికి నమ్మకమైన మనిషి కావాలి, ఒక్కో సగంలో ఆరోదాని నుంచి శిక్ష మారిపోతుంది.

అడిగినవారు: హాలు మారుస్తున్నామండీ. చెక్క నేల మీద చెమట చుక్కకే బూటు జారింది, తుడిచేవాళ్లనూ పెడతాం.