కరివేపాకు మీద పురుగులు: తీసేయాలా, ఉంచాలా? ఫొటోల గురించి ఇంకో రెండు సందేహాలు

కిటికీపక్క మిషను:

నమస్కారమండి అందరికీ. మాది కోనసీమలో ఒక లంక ఊరు, పి.గన్నవరం అక్విడెక్టుకి దగ్గర. ఇంట్లోనే బట్టలు కుడతాను. మిషను కిటికీ పక్కన వేసుకున్నాను. కిటికీ అవతల పెరట్లో కరివేపాకు మొక్క, దాని పక్కన నిమ్మ, గోడ వార నందివర్ధనం. కిందటేడు మా అబ్బాయి కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చాడు. దాంతో పాటు కెమెరా మీద క్లిప్పులా తగిలించే చిన్న అద్దం కూడా తెచ్చాడు. దాన్లోంచి చూస్తే చీమ కాళ్ల మీద నూగు కూడా కనిపిస్తుంది. అప్పట్నుంచీ జాకెట్టుకీ జాకెట్టుకీ మధ్య లేచి సీతాకోకచిలుకల్ని తీస్తున్నాను. 31 రకాలయ్యాయి. తేదీ, వేళ, ఏ పువ్వు మీద వాలిందో నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. పేర్లు తెలిసినవి 11 మాత్రమే.

ఇప్పుడు సంగతేంటంటే, నడుం ఎత్తు కరివేపాకు మొక్క మీద 9 పురుగులున్నాయి. మొదట్లో పిట్ట రెట్ట అనుకున్నాను. నల్లగా, మధ్యలో తెల్ల మచ్చతో అచ్చం అలాగే ఉన్నాయి. ఒకరోజు పొద్దున్న చూస్తే వాటిలో రెండు చక్కటి ఆకుపచ్చగా మారిపోయాయి. పుల్లతో తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటికొచ్చి, కుళ్లిన నిమ్మకాయ వాసన. మా అత్తగారు "చారులోకి రెబ్బ లేదు, తీసి కాలవలో పడెయ్" అంటున్నారు. ఆవిడ మాటా కాదనలేను, వాటిని పారెయ్యడానికి చెయ్యీ రావట్లేదు. ఏం చెయ్యమంటారు?

రెండోది, నల్ల రెక్కలు, కింది రెక్కల మీద ఎర్ర మచ్చలు ఉన్న పెద్ద సీతాకోకచిలుక ఒకటి వస్తోంది. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికి ఒళ్లు ఎర్రగా, ఇంకోదానికి నల్లగా ఉంది. ఒకటేనా, వేరు వేరా?

మూడోది, వసారాలో లైటు చుట్టూ రాత్రిపూట వచ్చే రెక్కల పురుగుల్ని తీస్తే అన్నీ తెల్లగా వెలిగిపోతున్నాయి. రెక్క మీద గీతలు రావట్లేదు.

కాలవ గట్టు మీద నడక:

అమ్మా, పారెయ్యకండి. అవి రెండు జాతుల్లో ఏదో ఒకటి అయ్యుండాలి: నిమ్మ సీతాకోకచిలుక, లేదా కామన్ మార్మన్. రెండింటి పిల్లలూ చిన్నప్పుడు పిట్ట రెట్టలాగే ఉంటాయి, పిట్టలు తినకుండా ఆ వేషం. ఆ కొమ్ములు కుట్టవు, ఆ వాసనే వాటికి ఆయుధం. పెద్దయ్యాక తేడా తేలిగ్గా తెలుస్తుంది. నల్ల రెక్కల నిండా లేత పసుపు మచ్చలుండి తోక లేకపోతే నిమ్మ జాతి. తోక ఉండి, కింది రెక్కలకి అడ్డంగా తెల్ల చుక్కల వరస ఉంటే మగ మార్మన్.

అత్తగారి చారుకి దారి ఉంది. మీరు కుట్టేవారు కాబట్టి పాత దోమతెరతో దిండు గలీబులాంటి సంచీ కుట్టండి. వంటకి కావలసిన కొమ్మల్ని పురుగు లేకుండా చూసుకుని దాన్లో పెట్టి మూతి కట్టెయ్యండి. తల్లి సీతాకోకచిలుక ఆ ఆకుల మీద గుడ్డు పెట్టలేదు. పెద్ద పురుగుల్ని ఆకుతో సహా కోసి నిమ్మ కొమ్మ మీద పెట్టండి, అవే పాక్కుంటూ వెళతాయి. మారేడు కూడా తింటాయి. ఒకటి రెండు పురుగుల్ని డబ్బాలో పెంచాలనిపిస్తే మాత్రం బజారు కరివేపాకు వెయ్యకండి, మందు కొట్టి ఉంటే సాయంత్రానికి చచ్చిపోతాయి. ఈ తప్పు నేను చేశాను. ఆరు పురుగులు పోయాయి.

మీ రెండో ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. ఒంటి రంగు చూసేవాళ్లు తక్కువ. ఒళ్లు ఎర్రగా ఉన్నది క్రిమ్సన్ రోజ్. దాని పిల్లలు ఈశ్వరి తీగ తింటాయి, ఆ తీగలో విషం ఉంది, అది ఒంట్లో నిలవై పెద్దయ్యాక కూడా ఉంటుంది. పిట్ట ఒకసారి రుచి చూస్తే మళ్లీ ఆ జోలికి రాదు. ఒళ్లు నల్లగా ఉన్నది ఆడ మార్మన్, అంటే మీ కరివేపాకు బిడ్డ. దానిలో విషం లేదు, రోజ్ చీర కట్టుకుని తిరుగుతుందంతే. ఆడ మార్మన్‌లు మూడు వేషాల్లో ఉంటాయి: మగదానిలాగే ఒకటి, క్రిమ్సన్ రోజ్‌లా ఒకటి, కామన్ రోజ్‌లా ఒకటి. ఏ ఆడది ఏ వేషం వేస్తుందో తేల్చేది ఒకే ఒక్క జన్యువని కృష్ణమేఘ్ కుంటే అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 2014లో చూపించారు. మీ ఫొటోల్లో రెండూ ఉన్నాయంటే ఈశ్వరి తీగ మీకు దగ్గర్లోనే ఎక్కడో కంచె మీద ఉంది. వెతకండి.

నేను మీకు చెప్పాలనుకున్నది ఈ మాటే. ఏ పువ్వు మీద వాలిందో రాస్తున్నారు, బావుంది. తేనె కోసం అది ఏ పువ్వుకైనా వెళుతుంది. గుడ్డు పెట్టే ఆకులు మాత్రం దానికి కొన్నే, అంతే. నోటు పుస్తకంలో ఇంకో గడి గీసి, ఏ ఆకు మీద గుడ్డు పెట్టిందో రాయండి. నేను మొదటి రెండేళ్లు కెమెరా పట్టుకుని సీతాకోకచిలుకల వెనక పరిగెత్తాను. తర్వాత మొక్క దగ్గర పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. జిల్లేడు దగ్గర కూర్చుంటే ప్లెయిన్ టైగర్ తనే వస్తుంది. పొత్తికడుపు వంచి ఆకు అడుగున ఒక్కో గుడ్డే పెట్టుకుంటూ పోతుంది, అప్పుడు మనం జానెడు దూరంలో ఉన్నా పట్టించుకోదు. గన్నేరు దగ్గర కామన్ క్రో, ఆముదం దగ్గర కామన్ కాస్టర్. కామన్ క్రో ప్యూపా, అంటే పురుగుకి రెక్కలొచ్చే ముందు ఉండే గుల్ల, గన్నేరు ఆకు కింద వెండి జూకాలా వేలాడుతుంది, దాన్లో మన మొహం కనిపిస్తుంది.

చేల గట్ల మీద, బోదెల్లో ముళ్లతో ఊదా పూలు పూస్తుంది చూడండి, నీటిగొబ్బి. అది పీకాక్ పాన్సీకి పుట్టిల్లు. దాని రెక్కల అడుగు ఫొటో ఇప్పుడొకటి, ఎండాకాలంలో ఒకటి తీసి పెట్టుకోండి. వానల్లో గుండ్రటి కళ్లు, ఎండల్లో ఎండుటాకు. ఒకే జాతి అంటే ఎవరూ నమ్మరు.

జనుము చేలో నీలి చారల టైగర్లు గుంపుగా కనిపిస్తే అవి తేనె కోసం వచ్చినవి కావు. మగవి ఎండిన కాడల్లోంచి, గాయపడిన ఆకుల్లోంచి రసం పీలుస్తాయి. ఆడదాన్ని పిలిచే వాసన తయారుచేసుకోవడానికి ఆ రసం కావాలి వాటికి. ఆ జాతి శాస్త్రీయ నామం తిరుమల లిమ్నియేస్. అవునండి, తిరుమలే.

సార్వా దాళ్వా:

అక్కా, నేను రైతుని, రామచంద్రపురం వైపు. సీతాకోకచిలుకల గురించి ఈయన చెప్పారు కదా, రాత్రి పురుగుల గురించి నేను చెబుతానాయ్.

మాకు రెక్కల పురుగంటే శత్రువే. కాండం తొలిచే పురుగు తల్లి పసుపు రెక్కలతో ఉంటుంది, ఆడదానికి ఒక్కో పై రెక్క మీద ఒక నల్ల చుక్క. నారు కొనల్లో గుడ్ల ముద్ద పెట్టి పైన నూగు కప్పుతుంది. అందుకే ఊడ్పులప్పుడు కొనలు తుంచి నాటమంటారు. పట్టించుకోకపోతే పిలక దశలో మొవ్వు చస్తుంది, ఈనాక తెల్లకంకి వస్తుంది. రెండేళ్ల కిందట దాని కోసమే చేలో దీపపు ఎర పెట్టాను. పొద్దున్నే పళ్లెంలో పడ్డవాటిని లెక్కపెట్టేవాణ్ణి. లెక్కపెడుతుంటే తెలిసింది, నా పంటని తినేవి అందులో కొన్నే. మిగతావాటిలో ఒకదానికి రెక్క అంచున బంగారు జరీ, ఒకటి ఎండిన వేపాకులా, ఒకటి గాజు ముక్కలా. వాటి పేర్లు మా ఊళ్లో ఎవరికీ తెలీదు. పళ్లెంలో నీళ్లు తీసేసి, ఫొటో తీసి వదలడం మొదలుపెట్టాను. చేనికి హాని చేసేవి ఎన్ని పడ్డాయో లెక్క మాత్రం ఇప్పటికీ రాస్తాను.

పగలు తిరిగేవీ ఉన్నాయి. దాళ్వా, అంటే రెండో పంట వరి, మానేసి జనుము చల్లిన చేలో తెల్ల రెక్కల మీద ఎర్ర, నల్ల చుక్కలతో చిన్నది ఎగురుతుంది చూడండి, అది సీతాకోకచిలుక కాదు, మాత్, ఆ రాత్రి రెక్కల పురుగుల తెగే. పాత రవిక గుడ్డ ముక్కలా ఉంటుంది. మీరు కుడతారు కాబట్టి మీకు నచ్చుతుంది.

యానాం ఏటిపాయ:

ఫొటో తెల్లబారడానికి కారణం ఫోనులోని ఫ్లాషూ, వసారా లైటూ ఒకేసారి ఎదురుగా పడటం ఆంటీ. ఫ్లాష్ ఆపెయ్యండి. పెరట్లో దండెం మీద తెల్ల పంచె ఆరేసి, దాని ముందు బల్బు వేలాడదియ్యండి. పంచె మీద వాలినదాన్ని పక్క నుంచి టార్చితో చూపించండి, టార్చి మూతికి పల్చటి తెల్ల గుడ్డ కట్టి. పక్క వెలుగులోనే రెక్క మీద పొలుసులు, గీతలు తేలతాయి. ఫోను తెర మీద పురుగుని నొక్కి, వెలుగు గీతని కొంచెం కిందికి జరపండి. క్లిప్పు అద్దం పెట్టినప్పుడు ఫోను రెక్కకి సరిగ్గా ఎదురుగా, వాలు లేకుండా ఉండాలి. కొంచెం వంకర పెట్టినా సగం మసకే.

అమావాస్య దగ్గర్లో, గాలి లేకుండా ఉక్కపోసే రాత్రి బాగా వస్తాయి. తెల్లారకముందే లైటు తీసేసి పంచె పొదల్లో మెల్లగా దులపండి. లేకపోతే పసుల పోలిగాడు పిట్ట పొద్దున్నే వచ్చి దండెం మీద కూర్చుని అన్నిటినీ ఏరుకు తింటాడు. ఫ్రిజ్‌లో పెట్టి మత్తుగా ఉన్నప్పుడు తియ్యమని ఎవరైనా చెబితే వినకండి.

పేర్లకి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో ఫొటో, ఊరు, తేదీ పెట్టండి. తెలిసినవాళ్లు చూసి చెబుతారు. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు, మాత్‌లు 10,000 పైనే. ఏటా జులై చివర్లో మాత్ వీక్ అని ఒక వారం ప్రపంచమంతా రాత్రులు ఇలాగే బట్ట కట్టి కూర్చుంటారు, 2012 నుంచి. మీ వసారా కూడా అందులో చేరొచ్చు.

కిటికీపక్క మిషను:

అందరికీ దండాలండి. మూడు వారాలైంది, జరిగింది రాస్తున్నాను.

దోమతెర సంచీలు రెండు కుట్టాను. ఒకటి అత్తగారి కొమ్మలకి, ఒకటి పురుగులున్న కొమ్మకి. ఆవిడిప్పుడు పొద్దున్న కాఫీ గ్లాసుతో వచ్చి ముందు పురుగుల సంచీ చూసి, తర్వాతే రెబ్బ కోసుకుంటున్నారు. సంచీలో ఉంచిన నాలుగూ ప్యూపాలయ్యాయి. ఆకు మీద కట్టుకున్నవి పచ్చగా, ఎండుపుల్లకి కట్టుకున్నది గోధుమ రంగులో. తొమ్మిదో రోజు రాత్రి ఒక ప్యూపా నల్లబడి, లోపల రెక్కల పసుపు చుక్కలు కనిపించాయి. మర్నాడు ఏడింటికి మిషను దగ్గర కూర్చుంటే నా కళ్ల ముందే పగిలింది. రెక్కలు తడిసిన జాకెట్టు గుడ్డలా ముడతలు. పుల్ల పట్టుకుని వేలాడుతూ పావుగంటలో ఇస్త్రీ చేసినట్టు చాపేసింది. తోక లేదు, నిమ్మ జాతే. ఎగరడానికి ఇంకో గంటన్నర పట్టింది. ఆ పూట ఇవ్వాల్సిన రెండు జాకెట్లూ సాయంత్రానికి ఇచ్చాను.

రెండు ఎగిరాయి. మూడోదానికి పక్కన సన్నటి కన్నం పడి, దాన్లోంచి ఆవగింజకన్నా చిన్న ఈగల్లాంటివి 40 దాకా వచ్చాయి. ఎండలో ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. చాలా బాధేసింది. వాటినీ తీశాను. సంచీ కట్టకముందే ఏదో జరిగిందా, సంచీ కన్నాల్లోంచి దూరాయా తెలియట్లేదు.

ఈశ్వరి తీగ దొరికింది. రేవు దారిలో పాత సర్వి కంచె మీద. పంచాయతీ వాళ్లు కంచె కొట్టేస్తామంటున్నారు, నాలుగు గింజలు తెచ్చుకుని కుండీలో వేశాను. నోటు పుస్తకంలో కొత్త గడి గీశాను. ఇప్పటికి అందులో అయిదు ఆకులు చేరాయి.

నందివర్ధనం మీద ఇంకోటి కనిపించింది. నా చూపుడు వేలంత పచ్చటి పురుగు, ముందు వైపు రెండు నీలం కళ్లు, వెనక పొట్టి కొమ్ము. నిన్నటి నుంచి రంగు మారి మట్టి రంగులోకి వస్తోంది, తినడం మానేసింది, కాండం మీంచి కిందికి దిగుతోంది. జబ్బు చేసిందాండి?

కాలవ గట్టు మీద నడక:

జబ్బు కాదమ్మా. గన్నేరు హాక్ మాత్. ప్యూపా కావడానికి దిగుతోంది, నేల మీద ఆకుల చెత్తలోకి, మట్టిలోకి వెళుతుంది. నందివర్ధనం మొదట్లో రెండు మూడు వారాలు చీపురు వెయ్యనివ్వకండి. ఆ కన్నపు ఈగలు ఒక జాతి చిన్న కందిరీగలు. మెత్తటి ప్యూపా దొరికితే చాలు, అందులోకి గుడ్లు పెడతాయి. ఈసారి పురుగు ఆకుపచ్చగా మారగానే, ఇంకా సన్నటి వల సంచీలో ఉంచండి.

హాక్ మాత్ బయటికి రాగానే ఫొటో పెట్టండి. ఆకుపచ్చలో అన్ని రకాలు ఒకే రెక్క మీద ఉంటాయి. మీరే చూడాలి దాన్ని.