ఎంపీఎంలో స్ట్రెస్ నాయిస్: కణాలు పెంచాలా, షేప్ ఫంక్షన్ మార్చాలా?

సాగేదిమ్మె: మెటీరియల్ పాయింట్ మెథడ్ (ఎంపీఎం: పదార్థాన్ని కణాలుగా పెట్టి, బలాల లెక్క గళ్ల గ్రిడ్ మీద చేసే పద్ధతి)తో కంప్యూటర్‌లో రబ్బరు దిమ్మెను నొక్కుతున్నాను. ఆకారం బాగానే వస్తోంది, స్ట్రెస్ (పదార్థం లోపలి ప్రతిబలం) మాత్రం చదరంగం బల్లలా గళ్లు గళ్లుగా ఉంది. లీనియర్ షేప్ ఫంక్షన్లు (కణాలకూ గ్రిడ్ బిందువులకూ మధ్య విలువలు పంచే సూత్రాలు), టూడీలో సెల్‌కు, అంటే గ్రిడ్ గడికి, నాలుగు కణాలు. గ్రిడ్ సన్నం చేస్తే తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువైంది. కణాలు పెంచితే చాలని టీమ్‌లో ఒకరు, షేప్ ఫంక్షనే మార్చాలని ఇంకొకరు. మీరేమంటారు?

గ్రిడ్‌పిచ్చి: మార్చాల్సిందే. కాగితం మీదే తేలిపోతుంది. ఒకే డైమెన్షన్ తీసుకోండి. నోడ్‌కు (రెండు సెల్‌లు కలిసే గ్రిడ్ బిందువుకు) అటు రెండు, ఇటు రెండు కణాలు, అన్నిట్లో ఒకటే స్ట్రెస్. షేప్ ఫంక్షన్ గ్రేడియంట్ (వాలు) ఎడమ సెల్‌లో ప్లస్, కుడి సెల్‌లో మైనస్ కాబట్టి చెల్లుకు చెల్లు, నోడ్ మీద బలం సున్నా. ఇప్పుడు ఒక్క కణం వెంట్రుకవాసి జరిగి సెల్ సరిహద్దు గీత దాటింది. లెక్క 3, 1 అయింది. స్ట్రెస్ ఏమీ మారలేదు, కానీ ఇందాక ఒక పక్క నుంచి వచ్చినంత బలం ఊరికే పుట్టుకొచ్చింది. గ్రిడ్ సన్నమయ్యేకొద్దీ గీతలెక్కువ, దాటడాలెక్కువ. మీకు పెరిగింది అందుకే.

పొదుపరి: మీ లెక్కే పొడిగిస్తాను. సెల్‌కు 10 కణాలు పెట్టి చూడండి. ఒకటి దాటితే 11, 9. పుట్టే బలం ఒక పక్క బలంలో ఐదో వంతే. కణాలు పెంచడం పనిచేయదని ఎలా అంటాం? పైగా లీనియర్ బదులు నునుపైన బీ-స్ప్లైన్ షేప్ ఫంక్షన్ పెడితే అంచుల దగ్గర ఫంక్షన్లను విడిగా సవరించుకోవాలి. నడుస్తున్న కోడ్‌లో వేలు పెట్టడం అంత తేలిక కాదండీ.

గ్రిడ్‌పిచ్చి: దిక్కుకు 10 అంటే త్రీడీలో సెల్‌కు 1000. ఇక మీరే చెప్పండి, పొదుపు ఎక్కడుందో! అంత ఖర్చు పెట్టినా బలంలో ఆ దూకుడు చిన్నదవుతుందే తప్ప పోదు. క్వాడ్రాటిక్ బీ-స్ప్లైన్‌లో గ్రేడియంట్ గీత దగ్గర తెగదు, కణం దాటినా బలం నిదానంగానే మారుతుంది.

పాతకోడు: ఈ జబ్బుకే బార్డెన్‌హాగెన్, కోబర్ 2004లో జింప్ అనే ఎంపీఎం రకాన్ని తెచ్చారు. అందులో కణం చుక్క కాదు, కాస్త వెడల్పున్న ముక్క. నొక్కుడుకు బాగుంటుంది. బాగా సాగదీస్తే మాత్రం జాగ్రత్త. ముక్క వెడల్పు మార్చకుండా వదిలేస్తే కణాల మధ్య ఖాళీలొచ్చి, తెగని రబ్బరు తెగినట్టు చూపిస్తుంది. 2011 నాటి సీపీడీఐ అనే రకంలో ముక్క కూడా పదార్థంతో పాటే సాగుతుంది. దిమ్మె తెగదనుకుంటే టోటల్ లగ్రాంజియన్ ఎంపీఎం ఇంకా హాయి. లెక్కంతా మొదటి ఆకారం మీదే కాబట్టి గీత దాటడమన్నదే ఉండదు.

పొదుపరి: అలాగైతే పదార్థానికే అతుక్కున్న మెష్‌తో నడిచే ఫైనైట్ ఎలిమెంటే వాడుకోవచ్చుగా?

పాతకోడు: ఈ దిమ్మె వరకైతే వాడుకోవచ్చు, కాదనను.

సాగేదిమ్మె: ప్రస్తుతానికి ఫ్లిప్ (కణం వేగానికి గ్రిడ్‌లో వచ్చిన మార్పును మాత్రమే కలిపే పద్ధతి)లో 1 శాతం పిక్ (కణానికి గ్రిడ్ వేగాన్నే పెట్టే పద్ధతి) కలిపాను. గళ్లు చాలావరకు పోయాయి. ఇలా వదిలేస్తే?

గ్రిడ్‌పిచ్చి: వద్దు. ఆ 1 శాతం ప్రతి టైమ్ స్టెప్‌లోనూ పడే డ్యాంపింగ్, అంటే కదలికను అణచడం. స్టెప్ సగం చేస్తే సెకనుకు రెట్టింపు సార్లు పడుతుంది, అదే రబ్బరు ఇంకో రబ్బరులా ప్రవర్తిస్తుంది. పిక్ సున్నా చేసి, దిమ్మెను నొక్కి వదిలేసి, రెండు వేర్వేరు స్టెప్‌లతో మొత్తం శక్తి గ్రాఫ్ పెట్టండి. లీనియర్‌తో ఒకటి, బీ-స్ప్లైన్‌తో ఒకటి. పొదుపరి గారి కోసం సెల్‌కు 16 కణాలతో కూడా ఒకటి నడపండి.