ఏడు నెలల పాపతో ఏడాది పాటు క్యారవాన్‌లోనే ఉండొచ్చా? కొండాపూర్ నుంచి అడుగుతున్నా

పాపాయివాళ్ళమ్మ:
అందరికీ నమస్తే. మేము కొండాపూర్‌లో రెంట్‌కి ఉంటాం, పాపకి ఏడు నెలలు. మా ఆయనది పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్, నేను ఇంకో ఏడాది వరకు జాబ్‌కి వెళ్ళట్లేదు. సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్ ఒకటి చూసిపెట్టుకున్నాం, దాన్ని క్యారవాన్‌గా మార్పించి, ఫ్లాట్ ఖాళీ చేసేసి, ఓ ఏడాది అందులోనే ఉంటూ తిరుగుదామని. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదండి, పెళ్ళికి ముందు నుంచి అనుకుంటున్నదే, పాప స్కూల్‌కి వెళ్ళే వయసొస్తే ఇక ఎలాగూ కుదరదు. మా అత్తయ్యగారు వరంగల్‌లో ఉంటారు, ఈ మాట విన్నప్పటి నుంచి పసిపిల్లని రోడ్ల మీద పెంచుతారా అని ఒకటే బాధ, మొన్న ఫోన్‌లో ఏడ్చేశారు. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది, నాకూ కొంచెం ఉంది. అందుకే నిజంగా చిన్నపిల్లలతో ఇలా ఉన్నవాళ్ళని అడుగుతున్నా. ఎండ, నీళ్ళు, నిద్ర, టీకాలు ఎలా చూసుకున్నారు? మార్చిలో బయలుదేరాలని ప్లాన్.

సాగర్‌రోడ్:
మార్చి వద్దు చెల్లీ, ముందు ఆ ఒక్కటి మార్చుకోండి. మేము మా బాబుకి ఎనిమిది నెలలప్పుడు నవంబర్‌లో బయలుదేరి మార్చి మొదటి వారం దాకా ఉన్నాం, నాలుగు నెలలు హాయిగా గడిచింది, ఆ చివరి పది రోజులు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. రేకు బండి కదా, మధ్యాహ్నం పన్నెండు దాటితే లోపల ఉండలేం, బాబుకి ఒళ్ళంతా చెమటకాయలు, పాలు తాగడు, నిద్రపోడు. ఏసీ ఉందిగా అంటారు అందరూ, మేమూ అలాగే అనుకున్నాం. లెక్క చూడండి, 12 వోల్టుల 200 ఏహెచ్ బ్యాటరీ అంటే 2.4 యూనిట్ల కరెంటు, చిన్న ఏసీ గంటకి దాదాపు ఒక యూనిట్ లాగుతుంది, అంటే రెండు రెండున్నర గంటలు. పైన 400 వాట్ల సోలార్ పెట్టినా రోజంతా కలిపి రెండు యూనిట్లు వస్తే గొప్ప. రాత్రంతా నడవాలంటే బయట నుంచి కరెంటు లైన్ కావాల్సిందే, అందుకని మేము రిసార్టులో, తెలిసినవాళ్ళ ఇంటి ఆవరణలోనో అడిగి ప్లగ్ తీసుకునేవాళ్ళం. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని మాత్రం ఎప్పుడూ పడుకోకండి, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తే వాసన కూడా తెలీదు.

రోజుకి రెండు మూడు గంటల కంటే ఎక్కువ నడపకండి, అది కూడా పాప నిద్రపోయే టైమ్‌లో. ఒక చోట ఆగితే కనీసం వారం ఉండండి. మేము మొదట్లో రోజుకో ఊరు తిరిగాం, బాబు రాత్రి పన్నెండు దాకా ఏడుపే, సాగర్ దగ్గర తొమ్మిది రోజులు కదలకుండా ఉన్నాక గానీ వాడి నిద్ర దారిలో పడలేదు. శ్రీశైలం వెళ్తే మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు, చీకటి పడేలోపే దాటేయండి, ఆ ఘాట్‌లో వెళ్ళేముందు గంట వరకు బాబుకి ఏమీ పెట్టేదాన్ని కాదు, వాంతులవుతాయని.

స్నానం సంగతి, లోపల చిన్న ప్లాస్టిక్ టబ్ చాలు. కానీ సాంబ్రాణి పొగ బండి లోపల వద్దు, ఇంట్లో వేసినట్టు కాదు, ఆ కాస్త జాగాలో పొగ ఎటూ పోదు.

గ్యారేజ్‌తమ్ముడు:
అక్కా నేను బండ్ల పని చేస్త, అందుకే చెప్తున్న. బండి కొనకముందే ఆర్టీఏ ఆఫీసుకు పోయి అడుగుండ్రి. సీట్లు పీకేసి మంచం, గ్యాస్ పొయ్యి బిగిస్తే అది బండిని మార్చినట్టే, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకి వస్తది, మోటార్ క్యారవాన్‌లకి ఏఐఎస్-124 అని వేరే స్టాండర్డ్ ఉంది. ఆర్సీల అది ఎక్కకుంటే రేపు ఏమన్న అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ కాదంటరు. చవకగ చేస్త అని చెప్పి ఆర్సీ సంగతి మాట్లాడనోని దగ్గరికి పోకుండ్రి.

ఇంకోటి, గ్యాస్. ఎల్పీజీ గాలికంటె బరువు, లీకైతే కిందికి దిగి నేల మీద పరుచుకుంటది, మీ పాప పాకేది గదే నేల మీద. గందుకే సిలిండర్ పెట్టె వేరేగ కట్టించి అడుగున బయటికి రంధ్రం పెట్టియ్యాలె, గ్యాస్ అలారం నేల దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ అలారం మీరు పండుకునే ఎత్తున. ఐదు కిలోల చిన్న సిలిండర్ సరిపోతది. నన్నడిగితె పాప ఉన్నన్ని రోజులు ఇండక్షన్ పొయ్యి, లేకుంటె వంట బయటనే. చైల్డ్ సీట్ ముందుకు చూసే సీటుకే బిగించాలె, పాప వెనక్కి చూస్తూ కూసోవాలె. సోఫా లెక్క పక్కకి ఉండే సీట్లు పనికిరావు. బండి నడుస్తుంటె పాపని మంచం మీద పడుకోబెట్టుడు, ఒళ్ళ పెట్టుకునుడు అసలే వద్దు. 194బి కింద వెయ్యి రూపాయల ఫైన్ ఉంది కని ఫైన్ గురించి కాదు అక్కా, సడన్ బ్రేక్ కొడితె చేతులు ఆగవు.

వార్డ్‌నర్స్:
నేను పిల్లల వార్డ్‌లో పని చేస్తాను. టీకాల గురించి కంగారు పడకండి, తొమ్మిది నెలలకి ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది, డీపీటీ బూస్టర్ వేయాలి, ఇవి దేశంలో ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా ఫ్రీగా వేస్తారు. తల్లీబిడ్డల కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి, ఫోటో కూడా తీసుకోండి, టీకాల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూ-విన్‌లో పాప పేరు ఉందో లేదో ఇప్పుడే చూసుకుంటే బయట రాష్ట్రంలో ఈజీ.

నాకు అసలు భయం నీళ్ళు. ట్యాంక్ నీళ్ళు చేతులకి, గిన్నెలకి మాత్రమే, పాపకి తాగడానికి, జావ కాయడానికి వేరే నీళ్ళు, అవి కూడా బాగా మరిగించి చల్లార్చినవి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ ఉండాలి, లీటర్ ప్యాకెట్ పూర్తిగా లీటర్ నీళ్ళలోనే కలపాలి, సగం సగం కాదు, 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనాలప్పుడు పాలు ఆపొద్దు, చాలామంది ఆపేస్తారు. పాప నీరసంగా ఉంది, ఆరు గంటలుగా ఉచ్చ పోయలేదు, ఏడుస్తుంటే కన్నీళ్ళు రావట్లేదు అంటే ఇంక ఆలోచించకుండా హాస్పిటల్‌కే. అందుకే రాత్రి ఎక్కడ ఆగినా గంటలోపు చేరుకోగలిగే పిల్లల డాక్టర్ ఎక్కడున్నారో ముందే చూసిపెట్టుకోండి, సిగ్నల్ లేని చోట రాత్రి ఆగొద్దు. దారిలో ఎవరైనా ప్రేమగా తేనె నాకించబోతే ఏడాది నిండేదాకా వద్దని గట్టిగా చెప్పండి. పగలు కూడా దోమతెర వాడండి, డెంగ్యూ దోమ పగలే కుడుతుంది.

పాపాయివాళ్ళమ్మ:
అందరికీ చాలా చాలా థాంక్స్, మా ఆయన, నేను రాత్రి కూర్చుని మొత్తం రెండుసార్లు చదివాం. మార్చి క్యాన్సిల్. ఫ్లాట్ కూడా ఖాళీ చేయట్లేదు, బండి కొనడానికి ముందు ఆర్టీఏ పని తేల్చుకుంటాం, ఈలోపు ఎండాకాలం ఇంట్లోనే, నవంబర్‌లో బయలుదేరి ఫిబ్రవరి చివరికి వెనక్కి. అప్పటికి పాప నడుస్తూ ఉంటుంది. మొదటి ట్రిప్ సాగర్ వరకే, వారం రోజులు. అత్తయ్యగారికి ఫోన్ చేసి మీరూ రండి, మీరుంటే నాకు ధైర్యం అన్నాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత రాగిపిండి ఎంత పట్టించాలి అని అడిగారు.

సాగర్‌రోడ్:
చాలా సంతోషం చెల్లీ. అత్తయ్యగారికి కింది మంచం ఇవ్వండి, పై మంచం నుంచి రాత్రిళ్ళు దిగడం ఆ వయసులో కష్టం. పక్కన పట్టుకోవడానికి ఒక స్టీల్ రాడ్ కూడా బిగించమని పని మొదలయ్యేటప్పుడే చెప్పండి, తర్వాతైతే ప్లైవుడ్ మళ్ళీ విప్పాలి.