కొనేవారి ఏజెంటు కమిషన్ ఇప్పుడు ఎవరు చెల్లించాలి? సంతకానికి ముందు ఒక సందేహం

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్):
అందరికీ నమస్కారం. మేము డాలస్ చుట్టుపక్కల ఐదు లక్షల డాలర్ల లోపు ఇల్లు కోసం చూస్తున్నాము. మాకు తెలిసిన తెలుగు రియల్టర్ ఒకరు, ఒక్క ఇల్లయినా చూపించకముందే, ఆరు నెలల ఒప్పందం పంపి సంతకం చేయమన్నారు. అందులో ఆయన కమిషన్ మూడు శాతమనీ, అమ్మేవారు ఇవ్వకపోతే అది మేమే కట్టాలనీ ఉంది. 2019లో ఇల్లు కొన్న మా బావగారు తాను ఏజెంటుకు ఒక్క డాలరు కూడా ఇవ్వలేదని, ఇందులో ఏదో మోసం ఉందని అంటున్నారు. పద్ధతి నిజంగానే మారిందా?

సమాధానం (ఎడిసన్, న్యూజెర్సీ):
మోసం కాదండి, అలాగని మీ బావగారు చెప్పినదీ అబద్ధం కాదు. ఆయన కొన్న రోజుల్లో అమ్మేవారు తమ ఏజెంటుతో ఐదారు శాతానికి ఒప్పుకొనేవారు. అందులో దాదాపు సగం కొనేవారి ఏజెంటుకు ఇస్తామని అమ్మకానికి ఉన్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు చూసుకొనే ఎంఎల్‌ఎస్ జాబితాలోనే రాసి ఉండేది. ఆ సొమ్ము ఇంటి ధరలోంచే వచ్చేది కనుక, కొనేవారికి ఉచితమన్న మాట అప్పుడు కూడా సగమే నిజం. ఈ పద్ధతిపై మిస్సోరీలో ఇళ్లు అమ్ముకున్నవారు వేసిన దావాలో, 2023 అక్టోబరు 31న కాన్సాస్ సిటీ జ్యూరీ రియల్టర్ల జాతీయ సంఘమూ, కొన్ని పెద్ద రియల్ ఎస్టేట్ సంస్థలూ దాదాపు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం చెల్లించాలని తేల్చింది. ఆ తరువాత 2024 మార్చిలో ఆ సంఘం (నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్) 41.8 కోట్ల డాలర్లు చెల్లించడానికీ, నియమాలు మార్చుకోవడానికీ రాజీపడింది. కొత్త నియమాలు 2024 ఆగస్టు 17 నుంచి అమలులో ఉన్నాయి.

వాటి ప్రకారం కొనేవారి ఏజెంటుకు ఇంత ఇస్తామని ఎంఎల్‌ఎస్‌లో రాయకూడదు. ఎంఎల్‌ఎస్ వాడుకొనే ఏజెంటు మీకు ఇల్లు చూపించేముందు మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకొని తీరాలి. కాబట్టి మీ రియల్టర్ కాగితం పంపడంలో తప్పు లేదు, అయితే అందులోని అంకె బేరానికి లోబడినదే. కమిషన్‌ను ఏ చట్టమూ నిర్ణయించలేదని, అది మాట్లాడుకొని తేల్చుకొనేదని ఆ కాగితంలోనే స్పష్టంగా రాసి ఉండాలి. మీ కాగితంలో ఆ వాక్యం ఉందో లేదో ముందుగా చూడండి. అక్కడ రాసిన మొత్తానికి మించి ఆ ఏజెంటు ఎవరి దగ్గరా తీసుకోకూడదు. అమ్మేవారు అంతకన్నా తక్కువ ఇస్తే, మీరు ఒప్పుకున్న మేరకు, తేడా మీ మీద పడుతుంది. ఐదు లక్షల ఇంటికి మూడు శాతమంటే 15,000 డాలర్లు. అమ్మేవారు రెండు శాతమే ఇచ్చారనుకోండి, మిగిలిన 5,000 కొనుగోలు పూర్తయ్యే క్లోజింగ్ రోజున మీరే తేవాలి, ఎందుకంటే మామూలుగా దీనిని గృహరుణంలో కలపనివ్వరు.

ఆరు నెలల గడువు నాకు మరీ ఎక్కువగా కనిపిస్తోంది. మొదటి రెండు మూడు ఇళ్లకు మాత్రమే వర్తించే చిన్న ఒప్పందం అడగండి. గడువు ముగిశాక కూడా ఆయన చూపిన ఇల్లు కొంటే కమిషన్ ఇవ్వాలనే షరతు ఎన్ని రోజులు వర్తిస్తుందో కూడా చదవండి. అందరూ దాటవేసే పేరా అదే.

ప్రశ్న (ఫ్రిస్కో):
చాలా కృతజ్ఞతలండి. ఆయన ఒకటిన్నర శాతం క్యాష్‌బ్యాక్ ఇస్తానని ఫోనులో అన్నారు, కాగితంలో మాత్రం ఆ మాట లేదు. అలాంటప్పుడు ఒప్పందంలో ఒకటిన్నర శాతమే రాయించుకుంటే సరిపోదా?

సమాధానం (ఎడిసన్):
మీరు పాత ఇల్లు కొని, కమిషన్ మీరే కట్టుకొనేటట్లయితే సరిపోతుంది, పైగా అదే మేలు. కొత్త ఇల్లయితే లెక్క వేరు. బిల్డరు మూడు శాతం ఇస్తున్నా, మీ ఒప్పందంలో ఒకటిన్నరే ఉంటే ఏజెంటు ఆ ఒకటిన్నరకు మించి తీసుకోలేరు, అందువల్ల మీకు తిరిగి ఇవ్వడానికి ఆయన చేతిలో మిగులే ఉండదు. అందుకే మూడు శాతం రాసి, అందులో ఒకటిన్నర కొనేవారికి తిరిగి ఇస్తాననీ, అమ్మేవారు తక్కువ ఇచ్చినప్పుడు ఆ తేడా కొనేవారిని అడగననీ అదే కాగితంలో రాయించుకోవడం మంచిది. టెక్సాస్‌లో కొనేవారికి ఇలా తిరిగి ఇవ్వడం చట్టసమ్మతమే, కొన్ని రాష్ట్రాలు మాత్రం ఒప్పుకోవు. మీ రుణదాతకు కూడా ముందే తెలియజేయండి, ఎందుకంటే అది క్లోజింగ్ లెక్కల్లో కనిపించాలి.

సమాధానం (ప్లేనో, టెక్సాస్):
అమ్మినవాడిగా నా మాట కూడా వినండి. మేము మొదట కొనేవారి ఏజెంటుకు ఏమీ ఇవ్వబోమని భీష్మించుకు కూర్చున్నాము. మూడు వారాలు ఒక్క ఆఫరు కూడా రాలేదు. అది కమిషన్ వల్లనో, ఆగస్టు ఎండ వల్లనో ఇప్పటికీ చెప్పలేను. ఆఫరులో అడిగితే ఆలోచిస్తామని మా ఏజెంటు చేత చెప్పించాక రెండు వచ్చాయి: ఒకరు 5,00,000 ఇస్తామని, తమ ఏజెంటుకు రెండున్నర శాతం మమ్మల్ని కట్టమన్నారు, ఇంకొకరు 4,92,000 ఇస్తామని, తమ ఏజెంటు సంగతి తామే చూసుకుంటామన్నారు. పెద్ద అంకె చూసి మా ఆవిడ మొదటిదానికే మొగ్గింది, కానీ 12,500 తీసేస్తే అందులో మాకు మిగిలేది 4,87,500. కాబట్టి ఫ్రిస్కో వారు ఆఫరు పెట్టేటప్పుడు అమ్మేవారి చేతికి చివరకు ఎంత వస్తుందో లెక్కకట్టి, కమిషన్ సంగతి ఆఫరులోనే అడగాలి. అడగడం తప్పేమీ కాదు. ఆనవాయితీగా అమ్మేవారే కట్టే ఈ కమిషన్‌ను బ్యాంకుల నుంచి గృహరుణాలు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థల నియమాలకు లోబడిన రుణాల్లో, కొనేవారికి అమ్మేవారు ఇవ్వగల రాయితీల పరిమితిలో కలపరు. అయితే కమిషన్ కోసం ధర పెంచి రాస్తే, అప్రైజల్‌లో, అంటే రుణదాత వేయించే ఇంటి విలువ అంచనాలో, ఆ ధర రావాలి.

ప్రశ్న (ఫ్రిస్కో):
ఈ శనివారం ఒక ఓపెన్ హౌస్ (ఎవరైనా వచ్చి చూడగలిగే ఇల్లు), ఆపైన ఒక బిల్డరు మోడల్ హోమ్ (నమూనా ఇల్లు) చూడాలనుకున్నాము. ఒప్పందం లేకుండా వెళ్లవచ్చా?

సమాధానం (ఎడిసన్):
ఓపెన్ హౌస్‌కు నిరభ్యంతరంగా వెళ్లండి, అక్కడ నిలబడిన ఏజెంటు అమ్మేవారి మనిషి కనుక మీ బడ్జెట్ మాత్రం చెప్పకండి. బిల్డరు దగ్గరకు ఒంటరిగా వెళ్లకండి. మొదటిసారి వచ్చినప్పుడే ఏజెంటు పేరు నమోదు కాకపోతే చాలామంది బిల్డర్లు తరువాత అతనికి కమిషన్ ఇవ్వరు, దానితో మీ క్యాష్‌బ్యాక్ కూడా పోతుంది. శనివారంలోగా ఆ కాగితం సవరించి, మార్చిన ప్రతిచోటా ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.