కడుపుకు వేసిన బ్యాండ్: ఇబ్బంది లేకపోతే ఉంచుకోవాలా, ముందే తీయించుకోవాలా?

గోదారి_మెల్‌బోర్న్:
అందరికీ నమస్కారం. బరువు తగ్గడానికి 2012లో ఇక్కడ మెల్‌బోర్న్‌లోనే గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్నాను. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో బరువు ఆపరేషన్ అంటే చాలామందికి బ్యాండే వేసేవారు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు: ఇందులో కడుపులో ఏ భాగాన్నీ కోసి తీసెయ్యరు. పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ వేస్తారు. దాన్నుంచి ఒక సన్న గొట్టం వచ్చి, పొట్ట చర్మం కింద ఉండే పోర్ట్‌కి కలుస్తుంది. ఆ పోర్ట్‌లోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. కొంచెం తినగానే చాలనిపిస్తుంది.

108 కిలోలు ఉండేదాన్ని, 79కి దిగాను. షుగర్ మాత్రలు ఆపేశారు. ఇప్పుడు 84 దగ్గర ఆగింది. నాకు ఆపరేషన్ చేసిన సర్జన్ రిటైరయ్యారు. కొత్త డాక్టరు ఫైలు చూసి, "ఇబ్బంది లేకపోయినా తీసేయడం గురించి ఆలోచించండి, ఇప్పుడు అందరికీ తీసేస్తున్నాం" అన్నారు. మా ఆయనేమో బాగున్నదాన్ని కెలకడం ఎందుకంటారు. నాకూ అదే అనిపిస్తోంది. రాత్రిళ్లు కాస్త దగ్గు తప్ప నాకే బాధా లేదు, అదీ ఇక్కడి గడ్డి పుప్పొడి ఎలర్జీయే అయ్యుంటుంది. బ్యాండ్ ఉన్నవాళ్లు, ఉండి తీయించుకున్నవాళ్లు మీ మాట చెప్పండి.

ఓరుగల్లు_వాసి:
తీయించేసుకోండి అక్కా. నాకు 2008లో హైదరాబాద్‌లో వేశారు. నాలుగేళ్లు బాగానే ఉంది, మీలాగే నేనూ అందరికీ చెప్పుకున్నా. తర్వాత ఒక రాత్రి మంచినీళ్లు కూడా దిగలేదు. ఉమ్ము మింగితే అదీ పైకొచ్చింది. పొట్ట పైభాగం పట్టీలోంచి పైకి జారి ఉబ్బిపోయిందని, ఇంకా ఆలస్యమైతే ఆ భాగానికి రక్తం ఆగిపోయేదని చెప్పారు. అర్ధరాత్రి ఆపరేషన్, ఐసీయూ. మా ఆవిడ అప్పుడు ఏడో నెల గర్భిణి, కారిడార్‌లో ఒక్కతే కూర్చుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

లెక్కలు చూడండి. అమెరికాలో 2011లో జరిగిన బరువు ఆపరేషన్లలో 35 శాతం బ్యాండ్లే. 2018కి అవి ఒక్క శాతానికి వచ్చాయి. అక్కడి మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, బ్యాండ్ వేయించుకున్నవాళ్లలో 18.5 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ పడింది. అలా పడినవాళ్లకు ఒక్కొక్కరికి సగటున నాలుగు దాకా జరిగాయి. బ్రస్సెల్స్‌లో పన్నెండేళ్లకు పైగా గమనిస్తే దాదాపు సగం మందికి బ్యాండ్ తీసేయాల్సి వచ్చింది, పావు వంతు పైగా జనానికి పట్టీ కడుపు గోడను తొలుచుకుని లోపలికి వెళ్లింది. ఒంట్లో నొప్పి లేనప్పుడు, మనకు వీలైన రోజున చేయించుకునే ఆపరేషన్ వేరు. అర్ధరాత్రి చేసేది వేరు.

నెల్లూరు_కోడలు:
ఓరుగల్లు గారూ, మీరు పడ్డ బాధ చిన్నది కాదు. కానీ అంకెలు సగమే చెప్పారు. బ్రస్సెల్స్ లెక్కలో ఉన్నవాళ్లకు 1994-97 మధ్య బ్యాండ్ వేశారు. అప్పటి పద్ధతిలో పట్టీని కడుపు గోడకు మరీ దగ్గరగా పోనిచ్చేవారు. ఆ తర్వాత దారి మార్చారు, జారడం చాలా తగ్గింది. పైగా ఆ అధ్యయనంలో చివరిదాకా దొరికింది 82 మందే, మిగతా సగం మంది సంగతి ఎవరికీ తెలియదు. మరోవైపు మెల్‌బోర్న్‌లో బ్యాండ్లు వేసే ఒక బృందం 2013లో పదిహేనేళ్ల లెక్క ఇచ్చింది: ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో 47 శాతం తగ్గి, అలాగే నిలిచింది. నిజమే, 43 శాతం మందికి ఏదో ఒక సవరణ ఆపరేషన్ పడింది. కానీ పాత పద్ధతిలో వేసినవాళ్లకూ కొత్త పద్ధతిలో వేసినవాళ్లకూ అందులో చాలా తేడా ఉంది.

నాకు చెన్నైలో వేశారు, ఇప్పటికీ ఉంది. కొత్తగా ఎవరూ వేయించుకోవట్లేదంటే స్లీవ్ (కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసేది), బైపాస్ (కడుపును చిన్న సంచిలా చేసి పేగుకు కలిపేది) ఆపరేషన్లతో బరువు ఎక్కువ తగ్గుతోంది కాబట్టి. అంతమాత్రాన పనిచేస్తున్నదాన్ని పీకేయాలని అర్థం కాదు. ఈ సంగతులు రెండూ వేరు, డాక్టర్లు కూడా కలిపేసి మాట్లాడుతున్నారు. తీశాక ఆకలి తిరిగొస్తుంది, బరువూ తిరిగొస్తుంది. ఆ మాట ముందు చెప్పి, తర్వాత సంతకం అడగాలి కదా?

ఓరుగల్లు_వాసి:
మెల్‌బోర్న్ లెక్క ఇచ్చినది బ్యాండ్‌ను మొదటినుంచీ సమర్థించిన బృందమేనండీ. వాళ్ల క్లినిక్‌లో పేషెంటును వదలకుండా వెంటపడి పిలిపిస్తారు. మన దగ్గర అంత ఫాలోఅప్ ఎక్కడుంది?

వార్డ్_సిస్టర్_యూకే:
నేను ఇంగ్లండ్‌లో బరువు ఆపరేషన్ల వార్డులో నర్సుని. మీరిద్దరూ శాతాల దగ్గర ఆగిపోయారు, గోదారి గారి పోస్టులో అసలైన మాట ఇంకొకటి ఉంది. రాత్రి దగ్గు.

అక్కా, దగ్గు పడుకున్నాకే వస్తోందా? రెండు దిండ్లు వేసుకుంటే తగ్గుతోందా? పొద్దున్నే నోట్లో పులుపు, దిండు మీద తడి ఉంటున్నాయా? పట్టీ మరీ బిగుతుగా ఉంటే తిన్నది దాని పైనే నిలిచిపోతుంది. పడుకోగానే అది గొంతులోకి వచ్చి, కొంత ఊపిరితిత్తుల వైపు పోతుంది. దాన్ని జనం ఎలర్జీ అంటారు, ఆస్తమా అంటారు, ఇన్‌హేలర్లు వాడతారు. ఎసిడిటీ మాత్రలు వేసుకుంటే మంట తగ్గుతుందే కానీ నిలిచిన తిండి నిలిచినట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే అన్నవాహిక సాగి వెడల్పయిపోతుంది. విచిత్రం ఏమిటంటే, అలా సాగినవాళ్లలో కొందరికి తినేటప్పుడు ఏ బాధా తెలియదు. పైన జాగా ఏర్పడింది కాబట్టి హాయిగా దిగుతున్నట్టే ఉంటుంది.

అందుకే తీయాలా వద్దా అని ఇప్పుడే తేల్చకండి. ముందు పోర్ట్‌లోంచి సెలైన్ తీయించండి. అయిదు నిమిషాల పని, మత్తు అక్కర్లేదు. తర్వాత బేరియం (ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే మందు) తాగించి ఎక్స్‌రే తీయమనండి, పట్టీ ఏ కోణంలో ఉందో, పైన ఎంత నిలుస్తోందో కనిపిస్తుంది. కడుపు గోడను తొలిచిందన్న అనుమానం ఉంటే ఎండోస్కోపీ. ఏళ్ల తర్వాత ఉన్నట్టుండి పోర్ట్ దగ్గర ఎర్రబడి చీము పట్టినా, బిగుతు హఠాత్తుగా తెలియకుండా పోయినా ఆ అనుమానం పెట్టుకోవాలి. ఉమ్ము మింగలేకపోయినా, వాంతులు ఆగకపోయినా, పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చినా పొద్దుటిదాకా ఆగకూడదు, ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి.

గోదారి_మెల్‌బోర్న్:
సిస్టర్, మీరు అడిగినవన్నీ అవునే. మూడు దిండ్ల మీద పడుకుంటున్నాను. ఇక్కడ గడ్డి పుప్పొడి కాలం పోయినా దగ్గు పోలేదు.

తిండి సంగతి కూడా వివరంగా చెప్తాను, మీరే చూడండి. పొద్దున ఏమీ దిగదు, టీ ఒక్కటే. మధ్యాహ్నం మెత్తగా కలిపిన పప్పన్నం కొంచెం. పొడిగా ఉన్న అన్నం, చపాతీ, బ్రెడ్డు మానేసి చాలా కాలమైంది. మొన్న ఫ్రెండ్ వాళ్ల గృహప్రవేశంలో పులిహోర పెట్టారు. రెండో ముద్దకే రొమ్ము ఎముక వెనకాల గట్టిగా పట్టేసింది. నోట్లో జిగటగా నురగ ఊరుతూనే ఉంటుంది, మింగడానికి దారి ఉండదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి, ఆ నురగా ఆ ముద్దా పైకి వచ్చేదాకా సింకు పట్టుకుని నిలబడ్డాను. బయటికొస్తే ఆంటీలు "ఏమ్మా, మళ్లీ విశేషమా" అని నవ్వారు. ఐస్‌క్రీమ్ మాత్రం ఎంతైనా జారిపోతుంది.

వార్డ్_సిస్టర్_యూకే:
మీరు చెప్పినది పట్టీ పనిచేస్తున్న లక్షణం కాదక్కా. సరిగ్గా బిగించిన బ్యాండ్‌తో మామూలు గట్టి తిండే, నెమ్మదిగా నమిలితే, చిన్న గిన్నెడు తినగలగాలి. చికెన్ ముక్క, కూర, పెసరట్టు దిగాలి. గట్టివి దిగక మనిషి మెత్తవాటికి, తీపివాటికి మళ్లితే బరువు పెరుగుతుంది. పెరిగిందని ఇంకాస్త సెలైన్ ఎక్కిస్తారు. దాంతో ఇంకా మెత్తవాటికి మళ్లుతారు. మీ 79 కాస్తా 84 అయ్యింది బహుశా ఇందుకే. మీ క్రమశిక్షణకూ దీనికీ సంబంధం లేదు.

నెల్లూరు_కోడలు:
ఇది నేను ఒప్పుకునే మాట. నాకు బ్యాండ్ మేలు చేసిందంటే మా డాక్టరు ప్రతిసారీ సెలైన్ ఎక్కించాక ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి తాగించి చూసేవారు కాబట్టే. గుటక ఆగితే వెంటనే కొంచెం తీసేసేవారు. గోదారి గారిది బిగుతు తప్పు, బ్యాండ్ తప్పు కాదు. వదులు చేసి చూడండి, అప్పుడు నిర్ణయించండి.

పాలమూరు_పిల్ల:
మా అమ్మ సంగతి చెప్తా, ఎందుకంటే మీరంతా సిటీలో ఉండి మాట్లాడుతున్నారు. అమ్మకు 2010లో హైదరాబాద్‌లోనే వేశారు. అప్పుడు ఇన్సూరెన్సు రాలేదు, చిట్టీ ఎత్తి కట్టాం. వేసిన డాక్టరు ఆ హాస్పిటల్ వదిలేసి వెళ్లిపోయారు. ఒకసారి అమ్మకు ఏమీ దిగకపోతే ఊళ్లో దగ్గరున్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాం. వాళ్లు మామూలు ఇంజెక్షన్ సూదితో పోర్ట్‌లో గుచ్చారు. దానికి హ్యూబర్ సూది అని వేరే ఉంటుందట, మామూలు సూది గుచ్చితే పోర్ట్ పైనున్న రబ్బరు చిల్లుపడి కారుతుందట. అదే జరిగింది. ఆ తర్వాత ఎంత ఎక్కించినా నిలవలేదు. పోర్ట్ మార్చడానికి ఇంకో ఆపరేషన్ అన్నారు, అమ్మ వద్దంది. ఇప్పుడు ఆ పట్టీ ఒంట్లో ఊరికే ఉంది, బరువు మొదటికి వచ్చింది.

చుట్టుపక్కల దాన్ని చూసే మనిషి లేనప్పుడు ఆ వస్తువు ఒంట్లో ఉండకూడదన్నదే నా మాట. మన ఊళ్లలో ఉన్నవాళ్లకు నేనైతే తీయించుకోమనే చెప్తా.

ఖమ్మం_శ్రీను:
ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా. మౌంజారో 2025 మార్చి నుంచి మన దేశంలోనే దొరుకుతోంది. పట్టీ తీయించి అవి వాడుకుంటే సరిపోదా?

నెల్లూరు_కోడలు:
శ్రీను గారూ, అవి ఆపితే బరువు తిరిగొస్తుంది. సెమాగ్లూటైడ్ అని అలాంటిదే ఇంకో ఇంజెక్షన్ ఉంది, అది ఆపినవాళ్లను ఏడాది గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు వెనక్కి వచ్చింది. అంటే ఏళ్ల తరబడి నెలనెలా డబ్బు. అది పెట్టుకోగలవాళ్లు పెట్టుకోవచ్చు, కానీ "తీసేసి ఇంజెక్షన్ వేసుకో" అని ఒక్క ముక్కలో చెప్పేసేది కాదు.

ఓరుగల్లు_వాసి:
నా అనుభవం ఇంకొకటి. పట్టీ తీసిన చోట చుట్టూ గట్టిపడిన మచ్చ ఉంటుంది. అందుకే కొందరు సర్జన్లు తీయడం ఒకసారి, బైపాస్ కొన్ని నెలలయ్యాక ఇంకోసారి చేస్తారు. నాకు అలాగే చేశారు. ఆ మధ్య నెలల్లో పద్నాలుగు కిలోలు పెరిగాను. ఆ రోజులు చాలా కష్టం, ఎవరూ ముందు చెప్పరు. బైపాస్ అయ్యాక మళ్లీ మామూలుగా తింటున్నాను, పెళ్లిళ్లలో కూర్చుని తింటున్నాను. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా జనాన్ని మూడు రకాలుగా విడదీసి మూడేళ్లు చూశారు, ఫలితాలు 2025లో వచ్చాయి. బరువు తగ్గడంలో బైపాస్ ముందు, తర్వాత స్లీవ్, ఆఖరున బ్యాండ్. అలాగని బైపాస్‌తో ఏ బాదరబందీ ఉండదని కాదు, జీవితాంతం విటమిన్లు, ఐరన్, బి12 చూసుకోవాలి. అయినా నాకు దగ్గు లేదు, నురగ లేదు.

గోదారి_మెల్‌బోర్న్:
అందరికీ థాంక్స్. ఈలోపు ఒక విషయం జరిగింది. సిస్టర్ చెప్పినట్టు క్లినిక్‌కి ఫోన్ చేసి సెలైన్ తీయించుకున్నాను. పోర్ట్ వేలికి దొరకలేదు, మోకాళ్లు ముడిచి తల ఎత్తమన్నారు, అప్పుడు చర్మం కింద గుండీలా తగిలింది. సూది దిగాక సిరంజిలోకి నీళ్లు వాటంతటవే ఎక్కుతుంటే చూస్తూ పడుకున్నాను. ఆ వారంలోనే దగ్గు తగ్గింది. ఒక దిండు మీద నిద్రపోతున్నాను. ఇడ్లీ రెండు తిన్నాను, ఎక్కడా ఆగలేదు. ఆకలి మాత్రం బాగా వేస్తోంది, అది భయంగా ఉంది.

బేరియం రిపోర్టు కూడా వచ్చింది. పట్టీ జారలేదు, అన్నవాహిక కొంచెం వెడల్పయింది. ఆరు వారాలాగి మళ్లీ ఎక్స్‌రే తీస్తారట.

ఓరుగల్లు_వాసి:
వెడల్పయిందంటే అది చాలు కదా అక్కా. మళ్లీ బిగించొద్దు. మీ డాక్టరు చెప్పినదే సరైనది.

నెల్లూరు_కోడలు:
ఆరు వారాల తర్వాత అది మామూలు సైజుకి వస్తే? చాలామందికి వస్తుంది. అప్పుడు సగం బిగుతుతో ఏడాదికోసారి బేరియం చూసుకుంటూ ఉండొచ్చు. మెల్‌బోర్న్‌లో ఉన్నారు, చూసేవాళ్లున్నారు. పాలమూరు పిల్ల వాళ్ల అమ్మ పరిస్థితి ఈమెది కాదు.

వార్డ్_సిస్టర్_యూకే:
ఇద్దరి మాటా రెండో ఎక్స్‌రే వచ్చాకే. సైజు తగ్గకపోతే నేనూ ఓరుగల్లు గారి వైపే. ఏదైనా సరే, పాత హాస్పిటల్ నుంచి ఆపరేషన్ నోట్స్ అడిగి తెచ్చుకోండి: బ్యాండ్ ఏ కంపెనీది, ఏ సైజు, మొత్తం ఎన్ని ఎంఎల్ పడుతుంది, ఇప్పటిదాకా ఎంత ఎక్కించారు. ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. ఇండియా వచ్చినప్పుడు ఏదైనా అయితే అక్కడి డాక్టరుకు అదే ఆధారం.

గోదారి_మెల్‌బోర్న్:
నోట్స్ కోసం ఈరోజే మెయిల్ పెట్టాను. నా నిర్ణయం ఇది: మళ్లీ బిగించుకోను. అన్నవాహిక సర్దుకున్నా సరే, బైపాస్ గురించి సర్జన్‌తో మాట్లాడతాను. షుగర్ తిరిగి రాకూడదు, కాబట్టి మధ్యలో ఇంజెక్షన్ వాడొచ్చా అని కూడా అడుగుతాను. నెల్లూరు గారూ, మీకు బాగున్నందుకు నిజంగా సంతోషం. కానీ కొంగు అడ్డం పెట్టుకుని లేచిపోకుండా నలుగురితో కూర్చుని తినాలని ఉంది నాకు.