నమ్మకం లేని ఇంట్లో వినాయక చవితి: పిల్లలకు ఏం చెబుతున్నారు?

చవితిచంద్రుడు (హైదరాబాదు):
మా దంపతులిద్దరికీ దేవుని మీద నమ్మకం లేదు. పండుగలకు అత్తగారింటికి వెళ్లి పిండివంటలు తినడం, పూజ వేళకు నేను వంటింట్లోకీ మావారు పెరట్లోకీ తప్పుకోవడం ఇన్నాళ్లూ మా పద్ధతి. నిరుడు చవితినాడు ఏడేళ్ల మా అమ్మాయి పొరపాటున చంద్రుణ్ణి చూసింది. కథ వినలేదు, అక్షింతలు తలమీద వేసుకోలేదు కనుక బడిలో ఎవరి పెన్సిలు పోయినా తననే దొంగ అంటారని రాత్రంతా ఏడ్చింది. ‘అదంతా ఉత్తిదే’ అన్నాను. ‘అయితే నానమ్మ అబద్ధం చెప్పిందా?’ అని అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. మీ ఇళ్లలో ఏం చేశారో చెప్పగలరు.

రేగుపండు (గుంటూరు జిల్లా):
అమ్మా, కథ నుంచి తప్పించడం వల్లనే కథలోని భయం ఒక్కటే పాపకు మిగిలిందని నా అభిప్రాయం. నేను మా పిల్లలకు శమంతకమణి ఉపాఖ్యానమంతా చెప్పాను. మణిని కాజేశాడన్న నింద పడిన కృష్ణుడు ఊరికే కూర్చోకుండా అడవికి వెళ్లి, సింహపు అడుగులనూ ఆపై భల్లూకపు అడుగులనూ పట్టుకొని జాంబవంతుని గుహదాకా పోయి, మణిని తెచ్చి సత్రాజిత్తుకు అప్పగించడం వారికి అపరాధ పరిశోధనలాగా నచ్చింది. తరువాత అందరమూ మేడెక్కి చంద్రుణ్ణి కావాలనే చూశాము. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి సహధర్మచారిణి సరస్వతి గారు గర్భిణిగా ఉండి గ్రహణాన్ని చూసిన సంగతి అప్పుడే చెప్పాను. నింద పడుతుందేమోనని పది రోజులు లెక్క పెట్టుకున్నాము. మూడోనాడే పక్కింటి కిటికీ అద్దం పగిలి మా పెద్దవాడి మీద నేరం వచ్చింది. విచారిస్తే పగలగొట్టినది వాడే కనుక దానిని నీలాపనిందల కింద జమకట్టలేదు.

సంక్రాంతికి మా అమ్మ భోగిపళ్లు పోస్తే అడ్డుపడను. ఉత్తరాయణం మాత్రం నిజానికి డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలవుతుందనీ, భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల మకర సంక్రమణం సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనుకబడుతూ వచ్చిందనీ పిల్లలకు వివరిస్తాను. మా నాన్నగారు కూడా చెవి ఒగ్గి విన్నారు.

తంగేడుపూవు (కరీంనగర్):
నేను నాస్తికుడైన తండ్రి పెంపకంలో పెరిగినదానిని. దీపావళికి మా వాకిట దీపం ఉండేది కాదు. వీధిలోని పిల్లలందరూ చిచ్చుబుడ్లు కాలుస్తుంటే కిటికీ దగ్గర నిలబడిన నాకు కోపం వచ్చినది దేవుని మీద కాదు, నాన్న మీద. అందుకని మా అమ్మాయిని తొమ్మిది రోజులూ బతుకమ్మ ఆటకు తీసుకుపోతాను, తంగేడు, గునుగు పూలు నేనే పేరుస్తాను. అయితే రేగుపండు గారితో ఒక్క పేచీ ఉన్నది. ప్రతి పండుగకూ ఒక శాస్త్ర పాఠాన్ని అతికిస్తే, పిల్లలకు అది ఇంకొక రకం పురాణంగా తోచవచ్చు. బతుకమ్మ వట్టి పూల పండుగ అని కూడా నేను చెప్పను. అక్కడ గౌరమ్మను మొక్కేవారు మొక్కుతారు, మనము ఆడిపాడి వస్తామని చెబుతాను.

నల్లబల్ల (రాజమహేంద్రవరం):
బడి సంగతి కూడా చూడవలసి ఉన్నది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం ఉన్న విద్యాసంస్థలో సంరక్షకుల సమ్మతి లేకుండా మైనరు విద్యార్థిని మత బోధనకు గాని ప్రార్థనకు గాని హాజరు కమ్మనరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. ఉపాధ్యాయునిగా నేను చూసినంతలో, ఆ హక్కును వాడుకుని పిల్లవాణ్ణి వరండాలో ఒంటరిగా నిలబెట్టడం కంటే, వాడేం కోరుతున్నాడో ముందు వాణ్ణే అడగడం మేలు. మావాడు వరుసలోనే నిలబడతానన్నాడు, చేతులు మాత్రం జోడించడు.

చవితిచంద్రుడు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్ననే చవితి వెళ్లింది. ‘ఇది నా నమ్మకం అని పాపకు చెప్పండి అత్తయ్యా’ అని కోరితే, ‘చెబుతాను, మరి లేడన్నది కూడా మీ నమ్మకమేనని నువ్వూ చెప్పు’ అన్నారు. ఆ మాట నాకు పూర్తిగా సమ్మతం కాకపోయినా ఒప్పుకున్నాను. ఈసారి పూజ వేళ ఎవరమూ తప్పుకోలేదు, పక్కన కూర్చుని పత్రి అందించాము, కథ విన్నాము. రాత్రి పాప మేడమీదికి వచ్చి చంద్రుణ్ణి తేరిపార చూసింది. దిగివచ్చాక గుప్పిలి తెరిపించి చూస్తే నానమ్మ ఇచ్చిన అక్షింతలు ఉన్నాయి. ఇవెందుకని అడిగితే, ‘ఎందుకైనా మంచిదని’ అన్నది.